ఒక చెట్టు దులిపి, ఒక చెట్టు వదిలి

పరిశోధన అనే మాట నా చెవిన పడకముందే నేను దాన్ని రోట్లో వేసి నూరేశాను. ఉప్పూ ఎండుమిరపకాయలూ వేసి మరీ నూరాను. తొమ్మిది మంది దాన్ని అన్నంలో కలుపుకుని, బాగుందని మళ్ళీ అడిగి వేయించుకున్నారు. ఆ సంగతి ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికి నవ్వు రాకపోయినా నా చేత చెప్పిస్తారు.

అప్పటికి మాది బస్తర్ రాజ్యం. ఇంగ్లీషువాళ్ళు పోవడానికి ఇంకా రెండు వేసవులున్నాయి. మా ఊరు కుంట అనే తహసీలు ఊరికి పైన, శబరి ఏటి నుంచి పొద్దున్నే బయల్దేరితే అంబలి తాగే వేళకు చేరేంత దూరం. నా పేరు లక్కే. నాకు పెళ్ళయి మూడేళ్ళు. మా ఆయన సీతయ్య, మా అత్త భీమే, నేను, అంతే ఇంట్లో. మేం దోర్లవాళ్ళం, కోయల్లో ఒక తెగ. ఇంట్లో మా మాట దోర్లీ, కుంట అంగడికి పోతే తెలుగు, తహసీలు బంట్రోతు వస్తే హిందీ ముక్కలు. బడి అనేది మా ఊళ్ళో లేదు. ఉన్నా నన్ను పంపేవాళ్ళు కారు.

ఆ ఎండాకాలం గోదావరి ఒడ్డున ఉన్న ఒక కాలేజీ నుంచి రామనాథం పంతులు వచ్చాడు. ఆయన వెనక ఎనిమిది మంది పిల్లలు. పిల్లలంటే మూతి మీద నూనూగు మీసాలున్న పిల్లలు, ఇంటర్ మొదటి ఏడు. కూనవరం దాకా లాంచీ, అక్కడి నుంచి ఎడ్లబళ్ళు. కుంట తహసీల్దారు చీటీ కూడా తెచ్చుకున్నారు. ఊళ్ళోకి అధికారులు వస్తే దిగే సర్కారు పాక ఒకటుంటే అందులో దిగారు. వంట చెయ్యడానికి మా పటేలు మా ఇంటిని చూపించాడు. మా అత్త చేతి వంట అంటే చుట్టుపక్కల పేరు. తీరా పొయ్యి దగ్గర కూర్చున్నది నేను. మా అత్త పక్కన కూర్చుని ఉప్పు చాలలేదని చెప్పేది.

వాళ్ళు వచ్చింది చీమల కోసం. నిజంగా చీమల కోసమే. మొదటి రోజు వడ్డిస్తూ నేనే అడిగాను.

"పంతులా, నీ గోదావరి కాడ చీమలు లేవా?"

మా వైపు ఎంత పెద్దవాడినైనా నువ్వనే అంటాం. పిల్లలు ఉలిక్కిపడ్డారు గానీ ఆయన ఏమీ అనుకోలేదు.

"ఉన్నాయమ్మా. కానీ ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు మీ తోపులో ఉన్నన్ని మా దగ్గర లేవు. మా పిల్లలు ఇంతవరకు పురుగుల్ని సీసాలో చూశారు. సీసాలో పురుగు చచ్చి ఉంటుంది. బొమ్మ గీస్తారు, కాళ్ళు లెక్కపెడతారు, పరీక్ష రాస్తారు. బతికున్న చీమని ఒక ప్రశ్న అడగడం ఎలాగో వీళ్ళకి నేర్పాలని నా ఆశ."

"చీమ జవాబు చెప్తదా?" అంది మా అత్త.

"అడగడం తెలిస్తే చెబుతుంది భీమమ్మా. కానీ నాకు గడువు తక్కువ. మా ప్రిన్సిపాల్‌గారు నలభై రోజులిచ్చారు. నలభయ్యో రోజున ఆయనే వస్తారు. ఈ మొదటి ఏడు పిల్లలు పుస్తకంలో లేని సంగతి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, తమంతట తాము కనుక్కుని చూపించాలి. చూపించకపోతే వచ్చే ఏడు నుంచి మళ్ళీ సీసాలే. నేను కూడా వేరే ఉద్యోగం చూసుకోవడమే."

పిల్లల్లో శ్రీరంగం అని ఒకడున్నాడు. పొడుగ్గా, సన్నగా, ముక్కు మీద కళ్ళద్దాలతో ఉండేవాడు. క్లాసులో మొదటి మార్కు అతనిదేనట. అతనికి ఏది చెప్పినా నమ్మకం కుదిరేది కాదు. చింతపండు పులుపంటే కూడా నాలిక మీద వేసుకుని చూసేవాడు.

"సీసాలే నయం సార్," అన్నాడు. "సీసాలోది కుట్టదు."

అప్పటికే అతని మెడ నిండా దద్దుర్లు.

మా వాగు గట్టున వరసగా పదహారు మామిడి చెట్లు. పన్నెండు వాగుకి ఇవతల, నాలుగు అవతల. అన్నీ నాటు మామిళ్ళే. ఒక్కొక్కటి ఒక్కో ఇంటిది, ఒక్కొక్కదానికి ఒక పేరు. పీచుది, తేనెది, పొజ్జా ముసలోడిది, పిడుగు పడ్డది, ఇట్లా. వీళ్ళు ఇవతలి పన్నెండు చెట్ల మొదళ్ళకూ తెల్లగుడ్డ పీలికలు కట్టి, వాటి మీద నల్లరంగుతో ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేశారు. రోజూ పొద్దున, సాయంత్రం ఆ చెట్ల కింద నిలబడి, తలలు వెనక్కి వాల్చి, నోళ్ళు తెరుచుకుని పైకి చూసేవాళ్ళు. ఎన్ని గూళ్ళున్నాయి, నిన్నటి కన్నా పెరిగాయా, ఏ కొమ్మకి కొత్తగా కట్టాయి అని నోటుబుక్కులో రాసుకునేవాళ్ళు. గూళ్ళు ఎట్లా పెరుగుతాయో నలభై రోజులు చూసి చెప్పడమే వాళ్ళ పని.

ఆ సంగతి వాళ్ళకి తెలుసు. నాకెవరూ చెప్పలేదు.

ఇక మా అలవాటు చెబుతాను, అప్పుడు నా తప్పు మీకు తప్పనిపించదు. అడవిలో ఎవరైనా తేనెపట్టు చూసుకున్నారనుకోండి. కొయ్యడానికి ఇంకా పది రోజులుంటే ఆ చెట్టు మొదట్లో గడ్డి ముడి ఒకటి కట్టి వస్తారు. ఆ ముడి చూస్తే ఇంకెవరూ ముట్టరు. ఆ చెట్టు మీదిది నాకు కావాలి అని దాని అర్థం. ఈ పిల్లలు పన్నెండు చెట్లకి పీలికలు కట్టారు. పొద్దున్నా సాయంత్రం వచ్చి చీమల గూళ్ళ వంక నోరు తెరుచుకుని చూస్తున్నారు. చూసి గుటకలు మింగుతున్నారు. అడగడానికి మొహమాటపడుతున్నారు కాబోలు, పాపం చీమల పచ్చడి కోసం అంత దూరం నుంచి వచ్చారు కాబోలు అనుకున్నాను. మరి మా పచ్చడి ఊరికే దొరికేదా? జగదల్‌పూర్ అంగట్లో దాన్ని చాప్డా అని ఆకు దొన్నెల్లో పెట్టి అమ్ముతారు. చుట్టం వచ్చి అది తినకుండా పోతే ఇంటికి పరువు తక్కువ.

మా అత్తకి చెప్పాను. "నాకు ఎప్పుడో తెల్సు," అంది. "ఆ అద్దాలోడు పైకి చూసి చూసి మెడ పట్టేసుకున్నడు. పోయి తే."

పదహారో రోజు. పంతులూ పిల్లలూ పొద్దున్నే కుంటకి సామాన్లకి వెళ్ళారు. నేనూ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళమూ పొడుగు వెదురు కర్రలు, దుప్పట్లు, బుట్టలు పట్టుకుని తోపుకి పోయాం. దుప్పటి పరిచి, కొమ్మని కొడితే గూడు గూడంతా కింద పడుతుంది. కుట్టేవి కుడతాయి, ఆ మంట మాకు అలవాటే. ఎండలో దులిపి, ఆకులు ఏరి, రోట్లో వేసి నూరితే నిమ్మకాయ పిండినట్టు పులుపు, గుడ్ల కమ్మదనం. ఆ మధ్యాహ్నం ఊళ్ళో పెద్దల్ని కూడా పిలిచాం. అందరూ తిన్నారు. శ్రీరంగం మాత్రం ముందు వేలి చివర పెట్టుకుని వాసన చూశాడు.

"చింతచిగురా?"

"తిని చెప్పు."

తిన్నాడు. ఇంకోసారి వేయించుకున్నాడు. మూడోసారి వేయించుకుంటూ పక్కవాడిని గిన్నె దగ్గరికి రానివ్వలేదు. పంతులు నవ్వుతూ అడిగాడు.

"ఇది చీమల పచ్చడి కదూ లక్కే? వినడమే గానీ తినడం ఇదే మొదటిసారి. ఇన్ని చీమలు ఎక్కడ దొరికాయమ్మా?"

"ఇంకెక్కడ పంతులా? నువ్వు పీలికలు కట్టుకున్న చెట్లయే గద."

ఆయన చెయ్యి అన్నం మీద ఆగిపోయింది. ఎనిమిది మంది పిల్లలూ నమలడం మానేశారు. మా పటేలు వేళ్ళు నాక్కుంటున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

"ఏమైంది?" అంది మా అత్త. "ఉప్పెక్కువైందా?"

శ్రీరంగం అన్నాడు, "పదహారు రోజుల పని తినేశాం సార్. నేను మూడుసార్లు వడ్డించుకుని మరీ తిన్నాను."

రామనాథం పంతులు ఒక్క మాట కూడా కటువుగా అనలేదు. విస్తట్లో మెతుకు మిగల్చకుండా తిని, చెయ్యి కడుక్కుని, వంట చాలా బాగుందని నాతో చెప్పి తోపు వైపు ఒక్కడే నడిచి వెళ్ళాడు. ఆయన తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. పిల్లల్ని అడిగితే అప్పుడు చెప్పారు గూళ్ళ లెక్క సంగతి. నా వంటికి కుట్టిన చీమలన్నీ మళ్ళీ కొత్తగా కుట్టినట్టయింది. ఒక మనిషి ఉద్యోగం నా రోట్లో పడి నలిగిపోయింది.

మర్నాడు పొద్దున అంబలి కాచి తీసుకుపోతే పాక ముందు పెట్టెలు సర్దుతున్నారు. నేను కుండ దించి, పంతులు ఎదుట నిలబడ్డాను.

"తప్పు నాది. మీ దొర వచ్చిన్నాడు నేనే చెప్త. నన్ను ఏమన్నా అననియ్యి."

"నీ తప్పేమీ లేదు. చెప్పకపోవడం నా తప్పు. ఒక్క సంగతి చెప్పు లక్కే. నిన్న చూస్తే కొన్ని చెట్ల మీద గూళ్ళు అలాగే ఉన్నాయి. ఏవేవి దులిపారు?"

"పీచుది దులిపినం, తేనెది వదిలినం. పొజ్జాది దులిపినం, దాని పక్క వంకరది వదిలినం. పిడుగు పడ్డది దులిపినం..." అంటూ వాగు అవతలి చెట్ల దాకా పదహారూ వరసగా చెప్పాను. ఎనిమిది దులిపినవి, ఎనిమిది వదిలినవి.

చొక్కా మడత పెడుతున్న ఆయన మధ్యలో ఆపేశాడు.

"ఒకటి విడిచి ఒకటా? ఎందుకలా?"

"మా అత్త నేర్పింది."

మా అత్తని పిలిపించారు. ఆమె వచ్చి ఎండలో కూర్చుని, ఇదీ ఒక సంగతేనా అన్నట్టు చెప్పింది.

"అన్నీ దులిపితే మళ్ళేడు ఏం తింటవ్? ఒకటి దులిపి ఒకటి వదలాలె. పక్క చెట్టు మీదియి మెల్లగ దీనెక్కుతయి. ఇంకోటి, చీమలు లేని చెట్టు కాయ పురుగు పడ్తది. అన్ని చెట్లు పురుగు పడితే వానకాలం టెంకల అంబలికి ఏమున్నది? సగం పోయినా సగం మంచిగుంటది. ఈ ఏడు దులిపింది మళ్ళేడు వదుల్తం, వదిలింది దులుపుతం. మా అత్త కాలం కెల్లి గంతే."

పంతులు నేల మీద కూర్చుండిపోయాడు. పుల్ల తీసుకుని మట్టిలో గీతలు గీశాడు, ఒకటి లోతుగా దిద్ది ఒకటి వదిలి.

"ఒరేయ్ అబ్బాయిలూ, ఇలా రండి. చీమలున్న చెట్టూ, చీమలు లేని చెట్టూ, పక్కపక్కన. అదే నేల, అదే నీడ, అదే నీళ్ళు. ఇలా ఏర్పాటు చెయ్యడానికి నాకు ఏడాది పట్టేది. వీళ్ళు ఒక్క పూటలో చేసి, మనకి భోజనం కూడా పెట్టారు. మనం గూళ్ళ లెక్క అడిగాం. అడగవలసిన ప్రశ్న అది కాదు."

"చీమలుంటే కాయకి పురుగు తగ్గుతుందా అన్నదా సార్?" అన్నాడు శ్రీరంగం. "అది వీళ్ళ మాట. లెక్క ఏది?"

"లేదు. అది మీ పని."

"ఆ దులిపిన చెట్లు ఎప్పుడూ పురుగు పట్టే చెట్లేనేమో?"

ఆ మాటకి నాకు పౌరుషం వచ్చింది. "పోయినేడు పీచుది మంచిగుండె. తేనెదానికి పురుగు. అంతకుముందేడు పీచుదానికే పురుగు," అని, నేను కాపరానికి వచ్చిన మూడు వేసవులదీ చెట్టు చెట్టుకీ చెప్పాను. అతను రాసుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత నీళ్ళు తోడుతుంటే వచ్చి, అవతలి చివర నుంచి వెనక్కి అడిగాడు, నేను తడబడతానేమోనని. చేద వదలకుండానే చెప్పాను. నోటుబుక్కుతో సరిచూసుకుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "లక్కమ్మా, నీకు ఇంకేం జ్ఞాపకమున్నాయి?" అన్నాడు.

"నువ్వు మూడుసార్లు ఏసుకున్నది," అన్నాను.

కానీ లెక్క పెట్టాలంటే కాయలు కావాలి. కాయలు ఊరివాళ్ళవి. పండి రాలిన ప్రతి కాయా ఒకరి ఇంటి తిండి. కండ కోసి ఎండబెడతాం, టెంక పగలగొట్టి దాచుకుంటాం. పన్నెండు చెట్ల కింద కాయ ముట్టకండని ఏ మొహంతో అడుగుతాం? పంతులు సందేహిస్తుంటే నేనే అన్నాను, "చెడగొట్టింది నేను, నేనే అడుగుత."

పన్నెండిళ్ళు తిరిగాను. అందరూ ఒప్పుకున్నారు. పొజ్జా ముసలాయన ఇంట్లో మాత్రం కమ్లీ అనే కోడలు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"వాళ్ళకేమో లెక్క. మాకేమో ఖాళీ బుట్ట. అంతేనా?"

"కాయ వాళ్ళు కోస్తరు, చూస్తరు, రాసుకుంటరు. ముక్కలు నీ గడప కాడికే తెచ్చిస్తరు. నీకు కోసే పని తప్పుతది."

కమ్లీ నడుం మీది చేతులు దించింది. "ముక్కలు సన్నగ కొయ్యమను. మందంగ కోస్తే ఎండయి."

ఇక చూడాలి ఆ మూడు వారాలు. తెల్లవారగానే చెట్టు కింద రాలిన కాయలు ఏరడం, చెట్టుకో గంప, గంపకో పీలిక. మా ఇంటి ముందు వరసగా కూర్చుని కోసేవాళ్ళు. కోసిన ప్రతి కాయా టెంక దాకా చూడాలి. తెల్లటి సన్న పురుగు కనిపిస్తే ఒక గీత, లేకపోతే ఇంకో గీత. మంచి ముక్కలు చాప మీదికి, పురుగువి పందులకి. మొదటి రోజు పురుగు చూసి ఒకడు కత్తి పారేసి లేచిపోయాడు. వారం తిరిగేసరికి అతనే పురుగుని అరచేతిలో పెట్టుకుని, ఇది ఎగిరి గెంతుతోంది చూడండి సార్ అని అందరికీ చూపిస్తున్నాడు. కమ్లీ రోజూ సాయంత్రం వచ్చి ముక్కల మందం చూసి వంక పెట్టేది. ఇద్దరిని వెనక్కి పంపి మళ్ళీ కోయించింది కూడా.

పురుగు ఎట్లా వస్తుందో కూడా వాళ్ళే చూశారు. నడుము సన్నగా ఉండే చిన్న ఈగ ఒకటి పండబోతున్న కాయ మీద వాలి, తోకతో తొక్కలో గుచ్చి గుడ్డు పెడుతుంది. శ్రీరంగం, పంతులు దగ్గర జేబు గడియారం అడిగి తీసుకుని, కిందికి వేలాడే కొమ్మ పక్కన నిచ్చెన వేసుకుని కూర్చున్నాడు. చీమలు లేని చెట్టు మీద ఈగ వాలితే తీరుబాటుగా నాలుగు చోట్ల గుచ్చి పోతోంది. చీమలున్న చెట్టు మీద వాలీ వాలగానే ఒక చీమ పరిగెత్తుకొస్తుంది, ఈగ లేచిపోతుంది. మూడు రోజులు అట్లా కూర్చున్నాడు. నేను అంబలి నిచ్చెన మీదికే అందించేదాన్ని. నాలుగో రోజు మొహం అంతా వాచి, ఒక కన్ను మూసుకుపోయి, దిగి వచ్చి పంతులుతో అన్నాడు.

"సార్, సీసా మాట వెనక్కి తీసుకుంటున్నాను."

ఆ మధ్యలోనే నాకు అంకెలు వచ్చాయి. రోజూ గంపలకి పీలికలు కట్టేది నేనే మరి. పీచుది ఒకటి, తేనెది రెండు, అట్లా చెట్టు మొహం గుర్తుపట్టినట్టు అంకె మొహం గుర్తుపట్టాను. తర్వాత పిల్లలు అక్షరాలు కూడా మట్టిలో రాసి చూపించారు. నా బడి అంతా ఆ మూడు వారాలే.

నలభయ్యో రోజున ప్రిన్సిపాల్ దొర వచ్చాడు. దొరంటే తెల్లదొర కాదు, మనవాడే. పంచె మీద కోటు, తలపాగా, చేతికర్ర. కూనవరం నుంచి బండిలో ఎగిరెగిరి పడుతూ వచ్చి, నడుం పట్టేసి, చిరాగ్గా ఉన్నాడు. మా మామిడి తోపులోనే మంచం వేశాం. పంతులు నోటుబుక్కు చేతికిచ్చాడు. చెట్టుకి యాభై కాయల లెక్కన, చీమలున్న ఆరు చెట్లవి మూడువందలు కోస్తే పురుగు పట్టినవి పదిహేడు. దులిపిన ఆరు చెట్లవి మూడువందలు కోస్తే ఎనభై నాలుగు.

దొర ఆ పేజీ చాలాసేపు చూశాడు.

"ఇది ఏ పుస్తకంలోది?"

"మేం చదివిన పుస్తకాల్లో లేదండీ," అన్నాడు శ్రీరంగం. "ఈ చెట్ల మీద ఉంది."

"రామనాథంగారూ, ఇంటర్ మొదటి ఏడు పిల్లలు వీళ్ళు. వీళ్ళకి ముందు పుస్తకం రావాలి. ఇటువంటివి పెద్ద చదువులు చదివినవాళ్ళు చేస్తారు. లెక్క మీరే చెప్పి రాయించలేదని నాకెలా తెలుస్తుంది?"

పంతులు మొహం ఎర్రబడింది. మాట్లాడబోయాడు. ఈలోగా శ్రీరంగం ముందుకొచ్చాడు.

"వాగు అవతల నాలుగు చెట్లున్నాయండీ. వాటి కాయ ఒక్కటి కూడా మేం కొయ్యలేదు. రెంటి మీద చీమలున్నాయి, రెంటి మీద లేవు. మీకు నచ్చిన రెండు చెట్లు చూపించండి. చెట్టుకి నలభై కాయలు మీరే కొయ్యండి. ఎన్నిటికి పురుగుంటుందో మేం ముందే చీటీ మీద రాసి ఇస్తాం."

దొర కనుబొమలు లేచాయి. కర్ర పట్టుకుని లేచాడు. వాగులో నీళ్ళు చీలమండ దాకా కూడా లేవు, అయినా చెప్పులు విప్పి దాటాడు. దొర ముందు నంద అనే అతని ఇంటి చెట్టు చూపించాడు, దాని మీద గూళ్ళు వేలాడుతున్నాయి. దాని పక్కదే ఇంకోటి చూపించాడు, అది నేను దులిపినది. శ్రీరంగం తోటివాళ్ళతో గుసగుసలాడి చీటీ రాసి మడిచాడు.

"ఇది ఎవరి దగ్గర ఉంచుదాం?" అని దొర చుట్టూ చూసి నన్ను చూశాడు. "ఈమె దగ్గర ఉండనీండి. ఈమెకి చదువు రాదుగా."

చీటీ నా చేతికొచ్చింది. నేను తల వంచుకుని, కొంగు చాటున మడత విప్పి చూశాను. చూడకూడదని ఎవరూ అనలేదు. ఒక పక్క రెండు. ఇంకో పక్క పదకొండు. మళ్ళీ మడిచి పిడికిట్లో పెట్టుకున్నాను.

మంచం కూడా వాగు దాటించి తెచ్చాం. ముందు చీమలున్న చెట్టు. దొర కోటు విప్పి మంచం మీద పడేశాడు. కత్తి తీసుకుని మొదటి కాయ కోశాడు, బాగుంది. పది కోశాడు, అన్నీ బాగున్నాయి. పదిహేడోదానికి పురుగు. ఇరవై తొమ్మిదోదానికి ఇంకోటి. రెండు. ఇక చాలు, ఇంక రావద్దు అని నా కడుపులో నేను మొక్కుకుంటున్నాను. ముప్పై ఎనిమిదోదానికి మూడోది వచ్చింది.

తర్వాత దులిపిన చెట్టు. మొదటి కాయకే పురుగు. నాలుగోదానికి. అయిదోదానికి. దొర మోచేతుల దాకా రసం కారుతోంది, ఈగలు ముసురుతున్నాయి, ఆయన పట్టించుకోవడం లేదు. ఇరవయ్యో కాయ అయ్యేసరికి మంచం అంచు మీది నుంచి దిగి నేల మీద బాసిపట్టు వేసుకు కూర్చున్నాడు. "ఇదిగో ఇంకోటి," అనడం మొదలుపెట్టాడు. ఊరంతా చుట్టూ చేరి ఆయనతో పాటు లెక్కపెట్టింది. నలభై అయ్యేసరికి పన్నెండు.

"చీటీ," అన్నాడు.

ఇచ్చాను. విప్పి చూశాడు. "రెండు అన్నారు, మూడు వచ్చాయి. పదకొండు అన్నారు, పన్నెండు వచ్చాయి. సరిగ్గా రాలేదే?"

"సరిగ్గా వస్తే మాకే అనుమానం వచ్చేదండీ," అన్నాడు శ్రీరంగం. "ఒక్కో చెట్టు ఒక్కోలా ఉంటుంది. ఇక్కడ తక్కువ, అక్కడ నాలుగైదు రెట్లు ఎక్కువ అన్నాం. అది వచ్చింది."

దొర ఇంకా నాలుగు కాయలు అందుకుని, ఎవరూ అడక్కుండానే, కోసి చూశాడు. అప్పుడు తెలిసింది నాకు, గెలిచామని. ఒప్పుకోవడం కోసం కొయ్యడం లేదు, తెలుసుకోవాలని కోస్తున్నాడు. నలభై రోజుల కింద ఈ పిల్లలు ఎట్లా మొదలయ్యారో ఆయన అట్లా మొదలయ్యాడు.

"ఈ ఒకటి విడిచి ఒకటి అనే ఏర్పాటు ఎవరిది?" అని అడిగాడు చివరికి.

పిల్లలందరూ మా వైపు చూపించారు. మా అత్త విసుక్కుంది.

"ఏర్పాటేంది? తిండి. గిది తెల్వడానికి నలభై దినాలా?"

"మీకు తెలుసమ్మా. మాకు తెలియడానికి పట్టింది," అన్నాడు దొర. తర్వాత పంతులు వైపు తిరిగాడు. "వచ్చే ఏడు ఎనిమిది మంది కాదు. మొదటి ఏడు పిల్లలందరికీ ఇటువంటి పని ఉండాలి. ఒక్కొక్కడూ ఒక బతికున్న పురుగుని ఒక ప్రశ్న అడగాలి. సీసాలు బీరువాలో ఉంటే ఉండనీండి."

రామనాథం పంతులు పైకండువాతో మొహం తుడుచుకున్నాడు. చెమటే అన్నాడు. సరే చెమటే అనుకున్నాం. శ్రీరంగాన్ని తోటిపిల్లలు ఎత్తుకుని వాగులో పడేశారు. నీళ్ళు లేవు కాబట్టి ఇసకలో పడ్డాడు. మా ఆయన సీతయ్య ఇంట్లోకి పోయి డోలు తెచ్చాడు. కమ్లీ మాత్రం దొర కోసిన ముక్కలు చూసి, ఇంత మందమా, ఈయనేం నేర్పుతాడు పిల్లలకి అని గొణుక్కుంటూ చాప మీద పరుచుకుంది.

మరుసటి వేసవి ముప్పై మంది వచ్చారు. అప్పటికి నేను మా అత్త చెప్పినట్టే, తేనెది దులిపి పీచుది వదిలాను. వాళ్ళు కోసి చూస్తే నిరుడు పురుగు పట్టిన చెట్లన్నీ శుభ్రంగా ఉన్నాయి, శుభ్రంగా ఉన్న చెట్లకి పురుగు. శ్రీరంగం రెండో ఏడు చదువుతూ కూడా సెలవు పెట్టుకుని అది చూడడానికే వచ్చాడు. నోటుబుక్కు మొదటి పేజీ తిప్పి చూపించాడు. పైన నా పేరు రాసి ఉంది. దాని కింద మూడు వేసవుల చెట్ల వరస, నీళ్ళు తోడుతూ నేను చెప్పిందే. నా పేరు నేను చదువుకున్నాను. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, తొందరపడకుండా చదువుకున్నాను.

ఆ ఏడు పీలికల మీద అంకెలు నేనే వేశాను. ప్రిన్సిపాల్ దొర కూడా వచ్చాడు, ఈసారి నడుం నొప్పి గురించి ఒక్క మాట అనలేదు. భోజనానికి కూర్చోబెట్టి విస్తట్లో పచ్చడి వేస్తే, ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి ఆపాడు.

"లక్కమ్మా, ఇది ఏ చెట్టుది?"

"పీలిక లేని చెట్టుది. తిను," అన్నాను.